వేడెక్కి చల్లారే చిప్ బతుకు

పాత ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి పోదు. ముందు తెర మీద నిలువు గీతలు పడతాయి, అక్షరాల పక్కన రంగు చుక్కలు మెరుస్తాయి. ఆ తర్వాత ఒకరోజు ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, బొమ్మ మాత్రం రాదు. చాలామంది తెర పోయిందనుకుంటారు. పోయింది గ్రాఫిక్స్ చిప్ కావచ్చు.

2007లో వచ్చిన ఎన్‌విడియా జీఫోర్స్ 8600ఎం జీటీ కథ ఇలాంటిదే. 28.9 కోట్ల ట్రాన్సిస్టర్ల ఈ చిప్‌ను ఖరీదైన ల్యాప్‌టాప్‌లలో కోరి పెట్టారు. 2008 జులైలో ఎన్‌విడియా, తన ల్యాప్‌టాప్ చిప్‌లలో కొన్ని మామూలు కంటే ఎక్కువగా చెడిపోతున్నాయని ఒప్పుకుంది. మరమ్మతుల ఖర్చుకు 15 నుంచి 20 కోట్ల డాలర్లు కేటాయిస్తామంది. అక్టోబరులో యాపిల్, ఈ చిప్ పాడైన మ్యాక్‌బుక్ ప్రోలను ఉచితంగా బాగుచేస్తామని ప్రకటించింది.

లోపం ట్రాన్సిస్టర్లలో లేదు, చిప్‌ను కూర్చిన తీరులో ఉంది. సిలికాన్ ముక్కను బోర్లించి, కంటికి ఆనని వందలాది సోల్డర్ బొడిపెలతో కింది పలకకు అతికిస్తారు. వేడికి సిలికాన్ కొంచెమే సాగుతుంది, పలక దానికి నాలుగైదు రెట్లు సాగుతుంది. ఆ లాగుడంతా నడుమనున్న బొడిపెల మీద పడుతుంది. వాటి చుట్టూ నింపిన జిగురు వేడికి మెత్తబడితే ఇక కాచేదేమీ ఉండదు. కట్టుతీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఎలా తెగుతుందో, బొడిపె కూడా అలాగే పగులుతుంది. అంటే దాన్ని అరగదీసేది ఒక్క వేడే కాదు, వేడెక్కడం, చల్లారడం, మళ్లీ వేడెక్కడం.

అందుకే అప్పట్లో డెల్ వంటి సంస్థలు ఫ్యాన్ ఎక్కువసేపు తిరిగేలా బయోస్‌ను (ల్యాప్‌టాప్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్‌ను) మార్చి ఇచ్చాయి. మన చేతిలో ఉన్న మందు కూడా అదే, ఉష్ణోగ్రత ఎగుడుదిగుళ్లు తగ్గించడం. మూత విప్పి చూస్తే ఫ్యాన్‌కూ రాగి రేకులకూ నడుమ దుమ్ము దూదిపొరలా పేరుకుని ఉంటుంది. గాలి పోయే దారి అదొక్కటే! మెషీన్ ఆపి, బ్యాటరీ తీసి, ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకుని ఆ పొర తీయాలి. చిప్ మీద ఎండి పెళుసెక్కిన థర్మల్ పేస్ట్‌ను తుడిచేసి కొత్తది పలుచగా రాయాలి. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టొద్దు, గేమ్‌లలో ఫ్రేమ్ రేటుకు హద్దు పెట్టండి.

పోయిన చిప్‌ను హీట్ గన్‌తో కాల్చి బతికిస్తామనే వారిని నమ్మొద్దు. పగులు కాసేపు అతుక్కుంటుంది, మళ్లీ విడుతుంది. అసలు మరమ్మతు చిప్‌నో బోర్డునో మార్చడమే. గీతలు కనబడిన రోజే ఫొటోలు, ఫైళ్లు మరోచోట కాపీ చేసుకోండి.