కొండ మీద బండికి ఆయాసం.. కారణం చెప్పగలరా?

రేగొండలో ఒక్క కిక్కుకే అందుకునే బండి అది. వేసవి సెలవుల్లో లద్దాఖ్‌ తీసుకెళ్తే లేహ్‌ దాటగానే పికప్‌ పోయింది. సైలెన్సర్‌ నుంచి నల్ల పొగ. ప్లగ్గు విప్పితే మసి. లోపం ఎక్కడుంది?

సర్వీస్‌ సెంటర్‌ ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న ఎదురైతే ఏం చెబుతారు? 'కార్బురేటర్‌ పాడైంది సార్‌' అంటే మార్కులు పోయినట్టే. పాడైంది కార్బురేటర్‌ కాదు, మారింది గాలి. టూవీలర్‌ రంగంలో కొలువు వెతుక్కుంటున్నవాళ్లు ముందు పట్టుకోవాల్సిన పాఠం ఇదే.

అసలు సంగతి ఏమిటి?

పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువు లెక్కన 1 పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. మన రేగొండ సముద్ర మట్టానికి 300 మీటర్ల లోపే ఉంటుంది. లేహ్‌ సుమారు 3,500 మీటర్లు. అక్కడ గాలి పీడనం మూడో వంతు తగ్గిపోతుంది. 5,300 మీటర్లు దాటిన ఖార్దుంగ్‌లా కనుమ దగ్గరైతే దాదాపు సగమే మిగులుతుంది. కార్బురేటర్‌కు ఈ తేడా తెలియదు. గాలి బరువు తగ్గినంతగా పెట్రోలు తగ్గించదు. గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ.. దీన్నే 'రిచ్‌ మిక్చర్‌' అంటారు. నల్ల పొగ, మసి పట్టిన ప్లగ్గు, తగ్గిన మైలేజీ.. అన్నీ దాని గుర్తులే.

ట్యూనింగ్‌ ఎలా?

* మెయిన్‌ జెట్‌ బదులు అంతకంటే చిన్న నంబరుది వేస్తారు.
* నీడిల్‌కు గీతలుంటే క్లిప్‌ను ఒక గీత పైకి మారుస్తారు. నీడిల్‌ కిందికి దిగి పెట్రోలు తగ్గుతుంది.
* ఐడిలింగ్‌ సరిచేయడానికి ఎయిర్‌ స్క్రూ అయితే కొద్దిగా వదులు చేయాలి. ఫ్యూయల్‌ స్క్రూ అయితే బిగించాలి. మీ చేతిలో ఉన్నది ఏదో మాన్యువల్‌ చూసి తేల్చుకోండి.

'ఎయిర్‌ బాక్స్‌ మూత తీసేయ్‌, ఫిల్టర్‌ పీకేయ్‌, గాలి బాగా ఆడుతది' అనే సలహా చాలాచోట్ల వినిపిస్తుంది. ఆ మాట వినకండి. దారి మూసుకుపోయి గాలి తగ్గలేదు, అక్కడి గాలే పలచన. ఫిల్టర్‌ తీస్తే దుమ్ము లోపలికి పోయి పిస్టన్‌ రింగులు, సిలిండర్‌ అరిగిపోతాయి. శుభ్రమైన ఫిల్టర్‌ వేసి, బాక్స్‌ను కంపెనీ ఇచ్చినట్టే ఉంచాలి.

ఇంకో జాగ్రత్త. కొండ దిగాక పాత జెట్టు తిరిగి వేయాల్సిందే. మరిచిపోతే మైదానంలో పెట్రోలు చాలక ఇంజిన్‌ వేడెక్కుతుంది. హైవే మీద స్పీడులో ఉండగా పిస్టన్‌ పట్టేస్తే ప్రమాదం బండికే కాదు, నడిపేవాళ్లకు కూడా.

ఇప్పుడూ పనికొస్తుందా?

2020 ఏప్రిల్‌ 1 నుంచి బీఎస్‌-6 వచ్చింది. కొత్త బండ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్‌ ఇంజెక్షన్‌వే. వీటిలో సెన్సర్లు గాలి పీడనం, ఉష్ణోగ్రత కొలిచి చెబితే, ఈసీయూ పెట్రోలు ఎంత పోయాలో లెక్క కడుతుంది. జెట్టు మార్చే పని లేదు. అయినా కొండ మీద వీటి పవర్‌ కూడా తగ్గుతుంది. ప్రతి 1,000 అడుగులకు సుమారు 3 శాతం చొప్పున తగ్గుతుందని మెకానిక్‌ల అంచనా. ఈ మాట కస్టమర్‌కు చెప్పగలిగితే అనవసరంగా పార్టులు మార్చి బిల్లు పెంచే పని ఉండదు. అలాంటి మెకానిక్‌ దగ్గరికే జనం మళ్లీ వస్తారు. పైగా కార్బురేటర్‌ బండ్లు మన ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

లద్దాఖ్‌ వెళ్లకుండానే నేర్చుకోవచ్చు!

భూపాలపల్లి వైపు బొగ్గు లారీల దుమ్ములో తిరిగే పాత బండి ఒకటి చూడండి. ఫిల్టర్‌ పూడుకుపోతే గాలి అందక అదే రిచ్‌ మిక్చర్‌, అదే నల్ల ప్లగ్గు. తెలిసిన షెడ్డులో అడిగి ప్లగ్గు విప్పి చూడండి. లేత గోధుమ రంగులో ఉంటే మిక్చర్‌ సరిగా ఉన్నట్టు. నల్లటి పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా కాలినట్టుంటే తక్కువ. ఫిల్టర్‌ మార్చాక రెండు రోజులు నడిపించి మళ్లీ చూసి, తేడాను నోట్‌బుక్‌లో రాసుకోండి. పది బండ్ల వివరాలు రాసుకుంటే ఇంటర్వ్యూలో చెప్పడానికి మీ సొంత అనుభవం ఉన్నట్టే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

* పదో తరగతి పాసైనవారికి ఐటీఐల్లో రెండేళ్ల మెకానిక్‌ మోటార్‌ వెహికల్‌ ట్రేడ్‌ ఉంది.
* ఆటోమోటివ్‌ స్కిల్స్‌ డెవలప్‌మెంట్‌ కౌన్సిల్‌ ప్రమాణాలతో టూవీలర్‌ సర్వీస్‌ టెక్నీషియన్‌ శిక్షణ ఉంది.
* స్టైపెండ్‌తో పని నేర్చుకోవాలంటే కేంద్రం అప్రెంటిస్‌షిప్‌ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి.

ఎక్కడ చేరినా స్కానర్‌ వాడకం, సెన్సర్‌ రీడింగులు తప్పకుండా నేర్పించమని అడగండి. స్కానర్‌ అంకెలు చూపిస్తుంది. అవి అలా ఎందుకున్నాయో చెప్పాల్సింది మాత్రం మీరే. గాలి, పెట్రోలు లెక్క వచ్చినవాళ్లకు అది కష్టం కాదు.