కొలను వెనుక కథ

పిల్లలూ! ఒకసారి మా నల్లజర్ల పిల్లలకు కొల్లేరు చూపించాను. కలువలను చూసి ఒక అమ్మాయి, "పూర్ణమ్మ కళ్లు, మాస్టారూ!" అన్నది. ఎందుకన్నదో తెలుసా?

గురజాడ అప్పారావుగారి (1862–1915) పూర్ణమ్మ పాటలో ముందుగా కొండల నడుమ కొలనూ, గట్టున దుర్గగుడీ కనిపిస్తాయి. అక్కడినుంచి కథ వెనక్కు పోతుంది. పూజారి ఇంట పుట్టిన పూర్ణమ్మను తల్లిదండ్రులు డబ్బుకు ఆశపడి ముసలివానికి కట్టబెట్టారు. సాయంకాలం గుడికి వెళ్లిన పిల్ల తిరిగి రాలేదు. ఆమె కన్నుల కాంతి కలువలను చేరిందట! కథ విన్నాక ఆ కొలను మనకు మునుపటి కొలనులా కనిపిస్తుందా?

సినిమావాళ్లు దీనినే ఫ్లాష్‌బ్యాక్ అంటారు. మీరూ పాట కట్టి చూడండి. ముందు మూసిన తలుపు చూపండి. తరువాత అది మూతపడిన కథ చెప్పండి. చివరకు మళ్లీ ఆ తలుపు దగ్గరికే రండి.