మీకు తెలుసా? నడికుడి అంటే ఎన్‌డీకేడీ

నడికుడి జంక్షన్‌కు రైల్వే కోడ్ ఎన్‌డీకేడీ. గుంటూరు–సికింద్రాబాద్ మార్గం నుంచి మాచర్ల లైను చీలేది ఇక్కడే. మాచర్ల కోడ్ ఎంసీఎల్‌ఏ. చూపున్నవారు టైంటేబుల్‌లో ఈ అక్షరాలను పక్క గడితో పోల్చి ఊరేదో పట్టేస్తారు. స్క్రీన్ రీడర్‌తో వినేవారికి గడులు ఒక్కొక్కటే చెవిన పడతాయి. ఎస్‌సీ అంటే సికింద్రాబాదని, ఎన్‌ఆర్‌టీ అంటే ప్రవాసాంధ్రులు కాదు, మన నరసరావుపేటేనని ఎవరు చెప్పాలి?

ఇందుకే వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో ‘ఏబీబీఆర్’ అనే ట్యాగ్ ఉంది. పొట్టి పేరును అందులో ఉంచి, పూర్తి పేరును ‘టైటిల్’లో రాస్తారు. అయితే ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్లు మామూలు సెట్టింగుల్లో ఆ టైటిల్‌ను చదవవు. ఫోన్ తెరపైనా అది కనిపించదు. కాబట్టి ట్యాగ్ పెట్టి చేతులు దులుపుకుంటే చాలదు. గడిలోనే ‘నడికుడి (ఎన్‌డీకేడీ)’ అని రాయడం మేలు.

తమాషా ఏమిటంటే, పట్టిక శీర్షిక గడికి (‘టీహెచ్’) ‘ఏబీబీఆర్’ అనే పేరుతోనే ఓ యాట్రిబ్యూట్ ఉంది. దాని పని పూర్తిగా తిరగేసి! గడిలో ‘నడికుడి చేరే సమయం’ అని పూర్తిగా రాసి, యాట్రిబ్యూట్‌లో ‘రాక’ అని పెట్టాలి. దాన్ని పాటించే స్క్రీన్ రీడర్ ప్రతి వరుసలోనూ పొడవాటి శీర్షికకు బదులు ‘రాక’ అని ఊరుకుంటుంది.

వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలని రూపొందించిన 2008 నాటి డబ్ల్యూసీఏజీ 2.0 ప్రమాణాల్లో సంక్షిప్త పదాల విస్తరణకు 3.1.4 నిబంధన ఉంది, కానీ అది అత్యున్నతమైన ‘ఏఏఏ’ స్థాయిది. చాలా సైట్లు ‘ఏఏ’ దగ్గరే ఆగిపోతాయి.