పావురం పిల్ల ఏ జాతిది?

గాలివానకు గూడు చెదిరి నేలరాలిన పక్షిపిల్లను పిల్లలు ఇంటికి తీసుకురావడం మన మొహల్లాలలో తరచు జరిగేదే. దాని రూపం కొంచెం వింతగా ఉంటే ఇంటిల్లిపాదీ వేసే మొదటి ప్రశ్న, "ఇది ఏ జాతి?" అన్నదే. కాళ్ళకు ఈకలుంటే విదేశీ జాతి అంటారు. తెల్లగా ఉంటే మేలుజాతి అంటారు. వికారంగా కనబడితే అపశకునమని భయపడేవారూ లేకపోలేదు. ఈ మూడూ తొందరపాటు మాటలే.

ముందుగా అది పావురమా కాదా అన్నది తేల్చుకోవాలి. పావురం పిల్ల సహజంగానే వింతగా ఉంటుంది. గుడ్డు నుండి వెలువడినప్పుడు కళ్ళు మూసుకుని, ఒంటిపై వెంట్రుకల వంటి పలుచని పసుపు నూగుతో, ముఖానికి మించిన ముక్కుతో కనిపిస్తుంది. సుమారు నాలుగైదు వారాలకు గూడు విడిచేనాటికి ఈకలు నిండుతాయి గాని, మెడపై పెద్ద పావురానికుండే నిగనిగ ఇంకా రాదు. కంటి వలయం నారింజ రంగు తిరగక గోధుమవన్నెలోనే ఉంటుంది. గొంతు కువకువలాడక కీచుమంటుంది. అలాగాక, హృదయాకారంలో తెల్లని ముఖం, వాడిగోళ్ళు ఉంటే అది గుడ్లగూబ పిల్ల. గుడ్లగూబలను, రామచిలుకలను ఇంట పెంచుకోవడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అనుమతించదు. వాటిని అటవీశాఖకు అప్పగించాలి.

పావురమే అని తేలాక జాతి ప్రశ్న వస్తుంది. మామూలు పావురం తోకలో 12 ఈకలుంటాయి. లక్కా పావురానికి 30కి పైగా ఉండి విసనకర్రలా విప్పారుతాయి. షిరాజీకి రొమ్ము తెల్లగా, రెక్కలు, వీపు రంగుగా ఉంటాయి. ఇలాంటి గుర్తులు పూర్వీకులలో ఎవరో ఒకరి జాడను తెలుపుతాయే గాని, పిల్ల స్వచ్ఛమైన ఆ జాతిదేనని రుజువు చేయవు. తలపై జుట్టునే తీసుకోండి. అది తల్లిదండ్రులిద్దరి నుండీ అందితేనే బయటపడే లక్షణం. జుట్టులేని జంట కూడా దానిని లోలోపల మోస్తూ ఉండవచ్చు. కనుక అలాంటి జంటకు జుట్టున్న పిల్ల పుడితే ఆశ్చర్యపడనక్కరలేదు.

పెంపుడు పావురాలన్నింటికీ మూలం కొండపావురమే. అక్బరు ఆస్థానంలో పావురాల పెంపకం ఎంత ఆదరణ పొందిందో అబుల్ ఫజల్ 'ఆయినె అక్బరీ'లో వివరంగా వ్రాశాడు. ఆ గ్రంథాన్ని పేర్కొన్న వారిలో చార్లెస్ డార్విన్ ఒకడు. ఆయన ఇతర సిద్ధాంతాల సంగతి ఎలా ఉన్నా, పావురాలపై స్వయంగా చేసిన ఒక ప్రయోగం గమనించదగినది. పూర్తిగా తెల్లనైన లక్కాలను, పూర్తిగా నల్లనైన బార్బ్ జాతి పావురాలతో జతకట్టించాడు. గోధుమ, నలుపు మచ్చల పిల్లలు పుట్టాయి. వాటిని తిరిగి జతకట్టిస్తే, మనుమల తరంలో ఒకటి నీలిరంగుతో, రెక్కపై రెండు నల్లని పట్టీలతో, తెల్లని నడుముతో అచ్చం కొండపావురంలా పుట్టింది. తాతలలో గాని అవ్వలలో గాని ఎవరికీ లేని రంగు అది. 1859లో వెలువడిన తన గ్రంథంలో ఆయన ఈ విషయం నమోదు చేశాడు.

ఈ సత్యం మన ఇళ్ళకూ వర్తిస్తుంది. తన భార్య నల్లని బిడ్డను కన్నదని ఒక ఎడారివాసి దైవప్రవక్త (స) సన్నిధిలో సందేహం వెలిబుచ్చిన ఉదంతం బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. ఆయన ఎర్రని ఒంటెల మందలో బూడిదవన్నె ఒంటె ఎక్కడిదని ప్రవక్త (స) అడిగారు. ఏదో పాత వంశనాడి లాగి ఉంటుందని అతడు బదులిచ్చాడు. నీ బిడ్డ విషయంలోనూ అదే జరిగి ఉండవచ్చునని ప్రవక్త (స) తెలియజేశారు. బిడ్డ మేనిరంగు చూసి కోడలిని అనుమానించే అత్తవారు నేటికీ ఉన్నారు. ఒక తల్లి గౌరవం, ఒక పసివాని భవిష్యత్తు అలాంటి మాటతో కూలిపోగలవు.

ఇక చేతిలోని పక్షిపిల్లకు జాతి కన్నా ముందు కావలసింది వెచ్చదనం. చల్లబడిన పిల్లకు మేత పెట్టరాదు, ముందుగా దానిని వెచ్చబరచాలి. తొలి రోజులలో దాని ఆహారం తల్లిదండ్రులిద్దరి గొంతు సంచిలో ఊరే చిక్కని పదార్థమే. ఆవుపాలు దానికి అరగవు. నోట్లో పోస్తే ఊపిరితిత్తులలోకి పోయి ప్రాణం తీయగలవు. గూడు చేరువలో ఉంటే తిరిగి అందులో ఉంచడమే మేలు. మనిషి చేయి తగిలిందని తల్లి దానిని విడిచిపెట్టదు. గూడు దొరకకపోతే పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

కాలికి ఉంగరం ఉన్నదేమో చూడండి. ఉంటే దానికి యజమాని ఉన్నట్లే, అతనిని వెదకి అప్పగించడం మన బాధ్యత. ఉంగరం లేని పిల్ల జాతి ఎవరైనా అడిగితే, "పావురం" అని చెప్పండి. అమ్మజూపేవాడు అంతకు మించి చెప్పే గొప్పలకు దాని తల్లిదండ్రులను చూపమని అడగండి.