స్పానిష్ భాషలో "నిండేది"

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువును గూర్చి మన పెద్దలు రెండు విధములుగా చెప్పుదురు. "చెరువు నిండింది" అన్నచో అది ఒకనాడు జరిగి ముగిసిన సంగతి. "చెరువు నిండేది" అన్నచో ఏటేటా జరుగుచుండిన సంగతి. ఆ వాడుక తరువాత తప్పినదేమో యను దిగులు కూడ అందు ధ్వనించును. ఉర్దూ మాట్లాడు ఇండ్లలో ఇదే భేదమును "భర్ గయా", "భర్ జాతా థా" అని పలుకుదురు. ఆంగ్లములో తరచు ఒకే రూపము రెండింటికిని చాలును. అందువలన అనువాదము చేయునపుడు మనలో కొందరము "ప్రతి సంవత్సరము చెరువు నిండింది" అని వ్రాసి, తాతల నాటి వాడుకను ఒక్కనాటి వార్తగా మార్చివేయుచున్నాము.

ఈ విషయమున స్పానిష్ మనకు దగ్గర చుట్టము. నిండింది అనుటకు "సే యెనో", నిండేది అనుటకు "సే యెనాబ". ఈ రెండవదే అసంపూర్ణ భూతకాలము.

"అబ్లార్" అనగా మాట్లాడుట. (హకారము వ్రాతలోనే గాని పలుకుబడిలో లేదు.) చివరి "ఆర్" తీసివేసి ప్రత్యయములు చేర్చవలెను: నేను అబ్లాబ, నీవు అబ్లాబస్, అతడు లేక ఆమె అబ్లాబ, మేము అబ్లాబమోస్, మీరు అబ్లాబయిస్, వారు అబ్లాబన్. అన్నిటను ఊనిక "బ్లా" మీదనే. "ఎర్", "ఇర్" అంతమందు గల క్రియలకు "ఈయ" వచ్చును: "కొమేర్" (తినుట) కొమీయ యగును, "బిబీర్" (నివసించుట) బిబీయ యగును. ఈ నియమమునకు లొంగని క్రియలు మూడే: ఉండుట, వెళ్ళుట, చూచుట. వాని రూపములు ఎర, ఇబ, బెయీయ. తెలుగు క్రియలతో కుస్తీ పట్టు విదేశీయుడు ఈ సంఖ్య విన్నచో అసూయపడును!

"అబ్లాబ" నేనా, అతడా యని తెలుగు విద్యార్థి తికమకపడవచ్చును. మనకు మాట్లాడేవాడిని, మాట్లాడేవాడు, మాట్లాడేది అని అన్నియు వేరు. ఉర్దూ విద్యార్థికి ఇది వింత కాదు: "మైఁ బోల్తా థా", "వో బోల్తా థా" అనుటలో క్రియ ఒక్కటే గదా. అయితే ఉర్దూలోని లింగభేదము స్పానిష్ క్రియలో లేదు.

ఒక జాగ్రత్త. "బోల్తా థా", "బోల్ రహా థా" రెండింటికిని అబ్లాబయే చాలును. అవ్వ మాట్లాడుచుండగా బస్సు వచ్చినదనుకొందము: సాగుచున్న మాటకు అబ్లాబ, నడుమ వచ్చిన బస్సుకు పూర్ణ భూతకాలము.

హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున స్పానిష్ బోధన గలదు. అచ్చట చేరదలచినవారు ముందుగా తమ ఇంటి పెద్దలు చెప్పు పది వాక్యములు వ్రాసికొని, ఏది "నిండింది", ఏది "నిండేది" యని విడదీసి చూడవలెను.