టరాంటులాకు శుశ్రూష

ఆవును, పిల్లిని, చిలుకను బెంచుట మన యిండ్లలో వాడుకయే. సాలెపురుగును గూడ బెంచువారున్నారన్నచో మన పెద్ద ముత్తైదువలు ముక్కుపై వ్రేలు వేసికొందురు. అయినను అమెరికా, ఇంగ్లండు మొదలగు దేశములలో అరచేతియంతటి టరాంటులా యను సాలెపురుగును గాజుపెట్టెలో నుంచి, పేరుపెట్టి, ప్రేమతో బెంచుకొను గృహస్థులు పెక్కుమంది గలరు. ఆ దేశములందు కాపురముండు మన సోదరీమణుల బిడ్డలును దానిని గోరవచ్చును. తెచ్చినవాడు పిల్లవాడే యైనను, "అమ్మా, ఇది కదలుట లేదే!" యని యేడ్చుచు వచ్చునది తల్లియొద్దకే గదా! అట్టి వేళ నామె యేమి చేయవలెనో, ఏమి చేయరాదో చెప్పుటకై మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట నొక్కమాట. ఈ ప్రాణికి మందులకంటె నీరును, నిశ్శబ్దమును, మన యోపికయు నెక్కువ మేలు చేయును. తెలియక చేసిన యుపచారమే దాని ప్రాణము దీయవచ్చును.

కుబుసము విడుచుట

టరాంటులా వెల్లకిల బడి కాళ్లు చాచి యుండుట జూచి, చచ్చినదనుకొని పారవైచినవారు గలరు. అది చావు గాదు. పాము వలెనే యిదియు కుబుసము విడుచును. అంతకుముందు కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు ఆహారము ముట్టదు. పిమ్మట వెల్లకిల బరుండి, కొన్ని గంటలకు పాత చర్మమునుండి వెలువడును. ఆ సమయమున దానిని త్రిప్పరాదు, తాకరాదు, పెట్టెను గదల్పరాదు. ఆహారమునకై వేసిన కీచురాళ్లున్నచో ముందుగనే తీసివేయవలెను. ఒడలు మెత్తనై యున్నప్పుడు ఆ పురుగులే దానిని గొఱికివేయును. క్రొత్త కోరలు మొదట తెల్లగను, తరువాత ఎఱ్ఱగను, తుదకు నల్లగను అగును. నల్లబడువఱకు ఆహార మీయరాదు. నీరు మాత్రము దగ్గర నుంచవలెను.

దాహమువలని నీరసము

కాళ్లన్నియు పొట్టక్రిందికి ముడుచుకొని, పొట్ట చిక్కి ముడుతలు పడియున్నచో అది నిజమైన యాపద. సాలెపురుగు కాళ్లను ముడుచుటకు కండలున్నవి గాని, ముఖ్యమైన కీళ్లవద్ద చాచుటకు కండలు లేవు. దేహములోని ద్రవమును కాళ్లలోనికి నెట్టి వానిని జాచును. నీరు చాలక ఆ ద్రవము తగ్గినచో కాళ్లు వానియంతట నవే ముడుచుకొనును. అప్పుడు లోతులేని పళ్లెరములో నీరు పోసి, దాని నోరు మాత్రము నీటియంచును దాకునట్లు మెల్లగా నుంచవలెను. ఊపిరి తీయు సందులు పొట్ట యడుగున నుండును గావున పొట్ట నీట మునుగరాదు. పిమ్మట గాలి యాడునట్లు రంధ్రములు చేసిన చిన్నపెట్టెలో తడి కాగితము పఱచి, చీకటిగా నుండు చోట నుంచవలెను. తడిపెట్టెలో దినములతరబడి బంధించుట మంచిది గాదు; బూజు పట్టి క్రొత్త యనర్థము వచ్చును. నీటి పళ్లెరములో స్పంజీ యుంచుటయు మానవలెను; అది క్రిములకు నెలవగును.

గాయములు

టరాంటులా పొట్ట మిక్కిలి పలుచని సంచివంటిది. పిల్లల చేతిలోనుండి జారి కొద్దియెత్తునుండి పడినను చిట్లవచ్చును. కావుననే దానిని చేతులలో నాడించుట తగదు. దాని నెత్తురు మనకువలె ఎఱ్ఱగా నుండదు. అందు ఇనుమునకు బదులు రాగి యుండుటచేత నీలిచాయ గలిగియుండును. అట్టి చెమ్మ కనబడినతోడనే మెత్తని కుంచెతో మొక్కజొన్న పిండిని గాయముపై నద్దవలెను. పిండి లేనిచో పెట్రోలియం జెల్లీని కొంచెము పూయవచ్చును. ఇవి నోటికిగాని ఊపిరి సందులకుగాని తగులరాదు. నెత్తురు నిలిచిన పిదప మెత్తని కాగితము పఱచిన పెట్టెలో నొంటరిగా విడువవలెను.

కాలు పోయినదని దుఃఖింపనక్కఱలేదు. ఆపద వచ్చినప్పుడు అది తనంతట తానే కాలిని విడుచుకొనును. తరువాతి కుబుసములతో క్రొత్తకాలు మొదట చిన్నదిగా మొలచి క్రమముగా పెరుగును. ఈడేరిన మగవానికి మాత్రము సాధారణముగా మఱియొక కుబుసము లేదు గనుక ఆ భాగ్యమును లేదు.

కుదురని జబ్బు

నోటిచుట్టు తెల్లని ముద్దవంటిది కనబడి, ఆహారము మాని, మునికాళ్లపై నడచునట్లు తడబడుచున్నచో సన్నని నులిపురుగులు పట్టినవని యనుమానింపవలెను. ఇట్టి పురుగులలో నొకదానికి 2022లో కాలిఫోర్నియాలోని శాస్త్రజ్ఞులు నామకరణము చేసిరి. సాలెపురుగుల భయమును గూర్చి 1990లో వచ్చిన చలనచిత్రమున నటించిన జెఫ్ డేనియల్స్ పేరునే దానికి బెట్టిరి. ఈ జబ్బునకు నమ్మదగిన మందు లేదు. దానిని వేఱుపఱచి, చేతులును పనిముట్లును బాగుగా గడిగికొని, జంతువైద్యుని యాలోచన గొనవలెను.

దోమలకు, చీమలకు జల్లు మందులు, కుక్కలకు, పిల్లులకు పూయు గోమారిమందులు దీనికి కాలకూటములు. అవి వాడిన చేతులతో పెట్టెను ముట్టరాదు.

శుశ్రూష చేయు తల్లి తన్నును గాపాడుకొనవలెను. అమెరికా ఖండముల టరాంటులాలలో ననేకము కోపించినప్పుడు పొట్టమీది సన్నని వెంట్రుకలను విదలించును. ఇంగ్లండులోని లీడ్సు నగరమున నొకడు గాజుపెట్టెను శుభ్రపఱచుచుండగా ఆ వెంట్రుకలు కంటిలో నాటుకొని బాధపడిన సంగతిని వైద్యులు 2009లో ప్రకటించిరి. కంటి యద్దములును చేతితొడుగులును లేక దీని దగ్గరకు బోరాదు.

మన గుత్తి బిడ్డ

విదేశములలో మిక్కిలి మక్కువతో బెంచుకొను నీలిరంగు టరాంటులా యొకటి మన తెలుగుదేశపు బిడ్డయే యని యెందఱికి దెలియును? 1899లో పోకాక్ అను శాస్త్రజ్ఞుడు దానిని లోకమునకు వర్ణించెను. అతనికి లభించినది గుత్తిలోని రైలు కలపయడితిలో దొరకినది. పిమ్మట నూఱేండ్లకు పైగా అది కనబడలేదు. 2001లో నంద్యాలకును గిద్దలూరునకును నడుమనున్న యడవిలో మఱల కనబడెను. చెట్ల తొఱ్ఱలే దాని యిల్లు. ఆ యడవి తఱిగిపోవుచుండుటచే, మిక్కిలి యపాయములోనున్న జాతులలో దానిని 2008లో చేర్చిరి. 2019లో ఆ తెగ సాలెపురుగుల విదేశవ్యాపారమును కట్టుదిట్టము చేసిరి. సముద్రముల కావల నొక యింట దాని కాలు విఱిగినచో పిండి యద్ది, రాత్రి మేలుకొని కాచువారున్నారు. దాని పుట్టినింట చెట్టు గొట్టినచో అడుగువారు తక్కువ.

సోదరీమణులారా! అడవిలోని దానిని బట్టితెచ్చి పెంచుడని మేము చెప్పము, అది తగదు. పెంపుడు ప్రాణి యింటనున్నచో దానికి నీరును, నెమ్మదియు నీయుడు. పెరటిచెట్టు తొఱ్ఱలో నట్టి ప్రాణి కనబడినప్పుడు చీపురుకట్ట యెత్తకుడు. పిల్లలను దూరముగా నిలిపి, దాని దారిని దానిని బోనిండు.