పాతబస్తీలో బుర్ఖా: గుర్తింపునకూ నిషేధానికీ మధ్య భేదం

ఉపోద్ఘాతం:

హైదరాబాదు పాతబస్తీని ఆనుకొని ఉన్న సంతోష్‌నగర్‌లో 2023 జూన్ 16న ఒక వివాదం తలెత్తింది. ఒక మహిళా డిగ్రీ కళాశాలలో పరీక్ష రాయడానికి వచ్చిన ముస్లిం విద్యార్థినులను బుర్ఖా తీసివేస్తేనే లోనికి రానిస్తామని ద్వారం వద్ద నిలిపివేశారన్న ఆరోపణ వచ్చింది. సుమారు అరగంట వేచి ఉండి, చివరకు బుర్ఖాలు తీసి పరీక్ష రాశామని విద్యార్థినులు చెప్పారు. విషయం నాటి హోంమంత్రి మహమూద్ అలీ దృష్టికి వెళ్ళింది. బుర్ఖా ధరించరాదని ఎక్కడా రాసి లేదని, ప్రభుత్వ విధానం లౌకికమైనదని ఆయన అన్నారు. ఆ మాటల్లోనే స్త్రీలు నిండుగా దుస్తులు ధరించాలని, పొట్టి దుస్తుల వల్ల సమస్యలు వస్తాయని కూడా చెప్పారు. ద్వారం వద్ద తీసివేయమన్నారు, మంత్రి కప్పుకోమన్నారు. ధరించే వ్యక్తి నిర్ణయానికి ఈ రెండు చోట్లా స్థానం లేకపోవడం గమనించదగినది.

కర్ణాటకలో పరిస్థితి వేరు. అక్కడ 2022 ఫిబ్రవరి 5న ప్రభుత్వం లిఖితపూర్వకంగా ఉత్తర్వు జారీ చేసింది. కనుక దానిని న్యాయస్థానంలో ప్రశ్నించడం సాధ్యమైంది. సంతోష్‌నగర్‌లో ప్రశ్నించడానికి ఉత్తర్వే లేదు. నోటిమాటగా అమలయ్యే నిషేధానికి సవాలు చేయదగిన పత్రం ఉండదు. పరీక్ష సమయం మాత్రం గడిచిపోతుంది.

తీర్పుల తర్కం:

హిజాబు ఇస్లాంలో తప్పనిసరి మతాచారం కాదని, యూనిఫాం సహేతుకమైన పరిమితి అని కర్ణాటక హైకోర్టు 2022 మార్చి 15న తీర్పు చెప్పింది. అదే ఏడాది అక్టోబరు 13న సుప్రీంకోర్టు ద్విసభ్య ధర్మాసనం భిన్నాభిప్రాయాలు వెలువరించింది. జస్టిస్ హేమంత్ గుప్తా హైకోర్టు తీర్పును సమర్థించారు. జస్టిస్ సుధాంశు ధూలియా దృష్టిలో హిజాబు తప్పనిసరి ఆచారమా కాదా అన్నది ఈ వివాదంలో అవసరమైన ప్రశ్నే కాదు. అది ధరించే బాలిక ఎంపిక. పాఠశాల ద్వారం వద్ద దానిని తీయించడం ఆమె గోప్యతకూ గౌరవానికీ భంగకరమని ఆయన అభిప్రాయపడ్డారు. జాతీయ గీతం పాడనందుకు పాఠశాల నుంచి బహిష్కృతులైన యెహోవా సాక్షుల పిల్లలకు ఊరటనిచ్చిన 1986 నాటి బిజో ఇమ్మాన్యుయేల్ తీర్పును ఆయన ఆధారం చేసుకున్నారు.

ఈ రెండవ మార్గమే వ్యక్తిస్వేచ్ఛకు దగ్గరిది. ‘తప్పనిసరి ఆచారం’ అన్న కొలమానం పట్టుకుంటే న్యాయమూర్తి మతపండితుని పాత్ర వహించవలసి వస్తుంది. స్త్రీ అభిప్రాయం అప్రస్తుతమవుతుంది. పైగా కర్ణాటకలోని యూనిఫాం వాదం డిగ్రీ పరీక్షాకేంద్రానికి యథాతథంగా వర్తించదు. ఇక్కడ చూపదగిన కారణాలు రెండే: అభ్యర్థి ఎవరో నిర్ధారించుకోవడం, కాపీయింగ్‌ను నివారించడం.

ఈ రెండింటికీ కేరళ హైకోర్టు 2015లోనే ఒక పరిష్కారం చూపింది. అఖిల భారత ప్రీ-మెడికల్ పరీక్ష రాయదలచిన ఇద్దరు ముస్లిం విద్యార్థినులు అరగంట ముందుగా వచ్చి, అవసరమైతే మహిళా సిబ్బంది తనిఖీకి అంగీకరించి, తమ మతానుసారమైన దుస్తుల్లోనే పరీక్ష రాయవచ్చని అనుమతించింది. అక్కడ అరగంట తనిఖీకి ఉపయోగపడింది. సంతోష్‌నగర్‌లో అదే అరగంట నిరీక్షణలో పోయింది. తనిఖీ ఇబ్బంది బుర్ఖాకే పరిమితం కాదు. 2022 అక్టోబరులో గ్రూప్-1 ప్రిలిమినరీ పరీక్ష సందర్భంగా ఆదిలాబాద్‌లో మంగళసూత్రాలు తీయించారన్న వివాదం చెలరేగింది.

పోలింగ్ కేంద్రంలో ముఖం:

ముఖం కప్పే నిఖాబు విషయంలో గుర్తింపు అవసరాన్ని కాదనలేము. ఓటర్ల జాబితాలో పర్దా పాటించే స్త్రీల ఛాయాచిత్రాలు ఉండరాదన్న వాదనను మద్రాసు హైకోర్టు 2006లో తిరస్కరించింది. అయితే ముఖం ఎవరు చూడాలన్నది వేరే ప్రశ్న. 2024 మే 13న హైదరాబాదు లోక్‌సభ స్థానానికి పోటీ చేసిన మాధవీలత పోలింగ్ కేంద్రంలో ముస్లిం మహిళలను ముసుగు తొలగించమని అడిగి, గుర్తింపు కార్డులతో పోల్చి చూసిన దృశ్యాలు వ్యాపించాయి. అభ్యర్థిగా గుర్తింపు కార్డు చూసే హక్కు తనకుందని ఆమె సమర్థించుకున్నారు. మలక్‌పేట పోలీసులు కేసు నమోదు చేశారు. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమావళి ప్రకారం ఓటరు గుర్తింపును పరిశీలించే బాధ్యత పోలింగ్ అధికారులది. మహిళా ఓటర్లకు సహాయంగా ఒక మహిళను నియమించే వీలు ప్రిసైడింగ్ అధికారికి ఉంది. సందేహం ఉన్న పక్షం రుసుము చెల్లించి ఆ అధికారి ఎదుట అభ్యంతరం తెలపాలి. గుర్తింపు అవసరమే, కానీ ఆ అధికారం ప్రత్యర్థి పక్షానిది కాదు.

ఇంటి లోపలి ఒత్తిడి:

నిషేధాన్ని విమర్శించేవారు కుటుంబం, బస్తీ పెద్దలు తెచ్చే ఒత్తిడిని తక్కువగా చూడటం కద్దు. బుర్ఖా లేనిదే కళాశాలకు పంపని ఇళ్ళు పాతబస్తీలో లేవనడం నిజాయితీ అనిపించుకోదు. అలాంటి ఇంటి అమ్మాయికి ద్వారం వద్ద నిషేధం స్వేచ్ఛనివ్వదు. చదువును దూరం చేస్తుంది. హైదరాబాదులో పర్దా విడిచి బయటికి వచ్చిన తొలి స్త్రీలలో ఒకరుగా పేరుపొందిన సుగ్రా హుమాయూన్ మిర్జా (1884-1958) ‘అన్నిసా’ పత్రిక నడిపారు. 1934లో సఫ్దరియా బాలికల పాఠశాల స్థాపించారు. ఆమె పర్దా విడిచింది ప్రభుత్వ ఆజ్ఞ వల్ల కాదు. ఇరాన్‌లో 2022 సెప్టెంబరులో మహ్సా అమీనీ మరణానంతరం హిజాబును తీసి నిరసించిన స్త్రీలు ధిక్కరించినది ధరించి తీరాలన్న ప్రభుత్వ ఆజ్ఞనే.

కళాశాల స్థాయిలో చేయవలసినది స్వల్పమే: హాల్‌టికెట్‌పై ముందుగానే ఒక సూచన, ద్వారం పక్కన ఒక గది, అందులో ఒక మహిళా ఇన్విజిలేటర్.